బంతిపూల దండ చెరిపేశాక

నేను వేసిన మొదటి పెద్ద బొమ్మ భువనవిజయం. నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. మధ్యలో సింహాసనం మీద శ్రీకృష్ణదేవరాయలు, తలమీద రత్నాల కిరీటం, అటు నలుగురు ఇటు నలుగురు కవులు, వెనక ఎర్ర మఖమల్ తెర, ప్రతి స్తంభానికీ బంతిపూల దండలు. ఏడు నెలల ఆదివారాలు పట్టింది. ఒక్క దండలకే మూడు వారాలు కూర్చున్నాను. అడుగున బర్న్ట్ సియెన్నా, దానిమీద నారింజ, ఆ పైన పసుపు, చివర్న ఎండ తగిలే రేకు అంచుకు కాస్త తెలుపు కలిపిన పసుపు. పువ్వు పువ్వుకీ నాలుగు పూతలు. పూర్తయ్యాక మా స్కూల్లో స్టాఫ్‌రూం గోడకు తగిలించారు. అందరూ మెచ్చుకున్నారు. నాకూ చాలా సంతోషమేసింది.

నేను హిందూపురం దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఆ ఏడాది తొమ్మిదో తరగతికి సముద్ర యాత్రల పాఠం చెబుతూ, 1492 తర్వాత అమెరికా ఖండాల నుంచి మిగతా ప్రపంచానికి ఏమేం వచ్చాయో బోర్డు మీద రాశాను. మిరపకాయ, టమాటా, ఆలుగడ్డ, మొక్కజొన్న, పొగాకు, మా వైపు రైతుల బతుకంతా ఆధారపడిన శెనక్కాయ. చివర్లో బంతి. మన గుమ్మాలకు కట్టే బంతి మెక్సికో మొక్క అంటే పిల్లలు నమ్మలేకపోయారు. వారం తర్వాత నోటు పుస్తకాలు తెచ్చిన ఒక అమ్మాయి, పుస్తకాలు బల్లమీద పెట్టి, ఆ బొమ్మ ముందు నిలబడి అడిగింది. "మేడమ్, రాయలవారి కాలానికి బంతిపూలు వచ్చేసినాయా?"

రాయలు ఏలింది 1509 నుంచి 1529 వరకు. స్పెయిన్ వాళ్లు మెక్సికోను గెలిచిందే 1521లో. బంతి విజయనగరం స్తంభాలకు ఎక్కే వీలే లేదు. పాఠం చెప్పింది నేనే, దండ వేసిందీ నేనే. ఆ రెండూ నా తలలో ఒకదాన్నొకటి ఎప్పుడూ చూసుకోలేదు. ఆ సాయంత్రమే బొమ్మను గోడ మీంచి దింపి ఇంటికి తెచ్చుకున్నాను.

ఇది జరిగి తొమ్మిదేళ్లు దాటింది. అప్పటినుంచి చరిత్ర బొమ్మలే వేస్తున్నాను. మాకు తెలిసినవాళ్లు, బొమ్మలు వేసే స్నేహితులు కూడా, నాతో ఒక మాట అంటూనే ఉంటారు. "బొమ్మ బొమ్మే కదా, పరీక్ష పేపరు కాదు. ఊహించి వెయ్యడానికే గదా వేసేది. పువ్వు ఏదైతే ఏంటి?" ఈ మాటకు నా దగ్గర జవాబుంది. నోటితో చెబితే మధ్యలో తెగిపోతోంది. అందుకే రాస్తున్నాను.

పాఠం మరిచిపోతారు, బొమ్మ మరిచిపోరు. ముప్పై ఏళ్లుగా పిల్లల మధ్య ఉన్నదాన్ని, నాకిది బాగా తెలుసు. రాయలు ఏ సంవత్సరంలో పట్టాభిషిక్తుడయ్యాడో అడిగితే పదిమందిలో ఇద్దరు చెబుతారు. రాయలు ఎలా ఉంటాడో గీయమంటే పదిమందికి పదిమందీ గీస్తారు. అందరూ ఒకే మనిషిని గీస్తారు. ఆ మనిషి సినిమాలోంచి, క్యాలెండర్లోంచి, కూడలిలోని విగ్రహంలోంచి వచ్చినవాడు. నా భువనవిజయంలో కూర్చున్నదీ ఆయనే. కవుల భార్యలని నేను వెనక నిలబెట్టిన ఆడవాళ్ల చీరకట్టు రాజా రవివర్మ బొమ్మల్లోది. రవివర్మ 1848లో పుట్టాడు, రాయలు పోయిన 319 ఏళ్లకు. ఆయన మహా చిత్రకారుడు. ఆయన కట్టించిన చీరను ఆయన కాలానికే ఉంచాలి. నేను దాన్ని తెచ్చి 1515లో వేలాడదీశాను. అంతా వేసి చూసుకుంటే ఆ బొమ్మలో నేను కళ్లతో చూసి, వెతికి తెలుసుకుని వేసింది ఒక్కటీ లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఇంటికి దగ్గరున్న చోట మొదలుపెట్టాను. మాకు లేపాక్షి పదిహేను కిలోమీటర్లు. చిన్నప్పటినుంచి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చడం, ఏకశిల నంది దగ్గర ఫొటో, ఇంటికి రావడం. కప్పు మీదికి తలెత్తి పది నిమిషాలు చూసింది ఎప్పుడూ లేదు. అచ్యుతరాయల కాలంలో, అంటే రాయలు పోయిన కొద్ది ఏళ్లకే, విరుపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన గుడి అది. కప్పు నిండా ఆ కాలపు మనుషులే. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం అని పేర్లు దేవుళ్లవి. కట్టుకున్న బట్టలు మాత్రం 16వ శతాబ్దపు పెనుకొండ మనుషులవి. ఆడవాళ్ల చీరల మీద చారలు, గళ్లు, పూలు, హంసలు, ఒక చీర మీదున్నది ఇంకో చీర మీద లేదు. మగవాళ్ల తలలమీద కిరీటాలు వెతికితే దేవుళ్లకు దొరుకుతాయి. విరుపణ్ణ అన్నదమ్ములకూ వాళ్ల పరివారానికీ మాత్రం పొడవాటి టోపీలు. కుళ్లాయిలు.

కుళ్లాయి మాట నాకు అప్పటికే తెలుసు, తెలుగు చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. శ్రీనాథుడు కర్ణాట ప్రభువుల కొలువు కోసం పడిగాపులు పడుతూ చెప్పిన చాటువు ఆ మాటతోనే మొదలవుతుంది. కుల్లాయి పెట్టుకున్నాను, పెద్ద కూర్పాసం తొడుక్కున్నాను, అంబలి తాగాను, ఇంకా దయరాదా కన్నడ రాజ్యలక్ష్మీ అని మొరపెట్టుకుంటాడు. పద్యం పదో తరగతి నుంచి నోటికి వచ్చు. ఆ కుల్లాయిని మాత్రం నేను ఏనాడూ కళ్లముందు ఊహించుకోలేదు. విజయనగరం కొలువులోకి వెళ్లాలంటే తలకు టోపీ, ఒంటికి పొడవాటి అంగీ ఉండాలని, కవికి సైతం తప్పలేదని ఆ పద్యం చెబుతూనే ఉంది. నా భువనవిజయంలో ఎనిమిది మంది కవుల్నీ నేను ఉత్తరీయాలతో కూర్చోబెట్టాను.

లేపాక్షి కప్పును నకలు తీయడం మెడకు చాలా కష్టం. పది నిమిషాలు తలెత్తితే కళ్లు తిరుగుతాయి. ఒక ఆదివారం ఇంట్లోంచి అడుగున్నర అద్దం తీసుకెళ్లి నేలమీద పెట్టి, దానిలో చూస్తూ గీశాను. ప్రాణం సుఖంగా ఉంది. నాలుగు వారాలు అలాగే గీశాను. అర్జునుడు ఎడమచేత్తో నారి లాగుతుంటే ఆయన సవ్యసాచి కదా అనుకుని సాగిపోయాను. తర్వాత గుడి కట్టించిన అన్నదమ్ముల బొమ్మకు వచ్చాను. ప్రసాదం పుచ్చుకుంటున్న చెయ్యి ఎడమచెయ్యి. పెన్సిలు అక్కడ ఆగింది. గుడిలో ప్రసాదం ఎడమచేత్తో పుచ్చుకునే మనిషిని ఏ కాలంలోనూ ఏ చిత్రకారుడూ వెయ్యడు. అప్పుడు అర్థమైంది, అద్దం కుడిని ఎడమ చేసింది. నాలుగు వారాల స్కెచ్చుల్లో ప్రతి పైటా రెండో భుజం మీదికి పోయింది, ప్రతి కొప్పూ అటుది ఇటైంది.

ఆ నలభై స్కెచ్చులూ దాచుకున్నాను. వాటిని కిటికీ అద్దానికి ఆనించి, వెనకనుంచి వెలుగు పడేలా పెట్టి, కాగితం తిప్పి మళ్లీ దిద్దుకున్నాను. అలా దిద్దేటప్పుడే ఆ కాలపు గీత నా చేతికి కొంచెం పట్టుబడింది. లేపాక్షిలో నల్లటి గీత ముందు, రంగు తర్వాత. ముక్కు కొన నుంచి గడ్డం దాకా ఎక్కడా ఆగకుండా ఒక్క లాగులో వచ్చే గీత. రంగులు కూడా కొద్దే. జేగురు, పసుపు మన్ను, ఆకుపచ్చ, తెలుపు, నలుపు. నా పెట్టెలో అప్పటికి ఇరవై నాలుగు ట్యూబులు ఉండేవి. ఇప్పుడు ఏడే వాడుతున్నాను.

రెండో పెద్ద బొమ్మకు మళ్లీ రాయలనే ఎంచుకున్నాను. ఈసారి ఆయన్ను చూసిన మనిషి మాట పట్టుకుని. దొమింగో పేస్ అనే పోర్చుగీసువాడు 1520 ప్రాంతంలో విజయనగరంలో ఉన్నాడు. అతను రాసింది, ఆ తర్వాత కొన్నేళ్లకు నూనిజ్ అనే గుర్రాల వర్తకుడు రాసింది, రెంటినీ ఇంగ్లీషులోకి తెచ్చి సీవెల్ 1900లో అచ్చువేశాడు. పేస్ రాయల దగ్గరకు వెళ్లి చూసి రాశాడు. మధ్యరకం ఎత్తు, మంచి ఛాయ, చక్కని ఆకారం, సన్నం కంటే కాస్త లావు, ముఖం మీద స్ఫోటకం మచ్చలు. బంగారు గులాబీలు కుట్టిన తెల్లబట్టలు, మెడలో వజ్రాల హారం, తలమీద జరీ టోపీ. పాదాలకు చెప్పులు లేవు.

ఇంకో చోట పేస్ రాయల తెల్లవారుజాము గురించి రాశాడు. పొద్దు పొడవకముందే రాజు అరలీటరుకు కొంచెం తక్కువ నువ్వుల నూనె తాగుతాడు. ఒళ్లంతా అదే నూనె పట్టించుకుంటాడు. గోచి బిగించి, మట్టితో చేసిన పెద్ద బరువులు చేతులతో ఎత్తుతాడు. తర్వాత కత్తి పట్టి, తాగిన నూనె చెమటగా బయటికి వచ్చేదాకా సాము చేస్తాడు. ఒక మల్లుడితో కుస్తీ పడతాడు. గుర్రమెక్కి మైదానంలో అటూ ఇటూ దౌడు తీస్తాడు. ఇదంతా తెల్లారేలోపల.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన తలల్లో కొలువుదీరి కదలకుండా కూర్చున్న మనిషి, చీకట్లో నూనె కారుతూ మట్టి బరువులు ఎత్తుతున్నాడు. కిరీటం లేదు, సింహాసనం లేదు, కవులు లేరు. దివిటీ వెలుగులో ఒక నడివయసు మగవాడి శరీరం. ఇదే వెయ్యాలి అనుకున్నాను.

మా అన్న కొడుకు ఊళ్లో సంగిడి రాయి ఎత్తుతాడు. వాడికి నువ్వుల నూనె పట్టించి, ఇసుక నింపిన కడవ చేతికిచ్చి, మేడమీద కాగడా వెలిగించి నిలబెట్టాను. "అత్తా, తొందరగా గీయి, జారిపోతాంది" అంటూనే గంటసేపు నిలబడ్డాడు. అంతకుముందు నేను నూనె మెరుపంటే తెలుపు అనుకునేదాన్ని. నల్లటి ఒంటిమీద కాగడా మెరుపులో తెలుపే లేదు. భుజం మీద నారింజ, దాని అంచున మండే పసుపు, రెండోవైపు ఆకాశం తగిలినచోట బూడిదరంగు కలిసిన నీలం. కండ కదిలినప్పుడల్లా మెరుపు చర్మం మీద జారి ఇంకోచోటికి పోతుంది, ఒకచోట నిలవదు. ఆ రాత్రి తీసిన పదకొండు స్కెచ్చుల్లో రెండే పనికొచ్చాయి. ఆ రెండింటిలోంచే బొమ్మంతా వచ్చింది.

ముఖం దగ్గర ఆగిపోయాను. స్ఫోటకం మచ్చలు ఉన్న ముఖాన్ని ఇప్పుడు ఎక్కడ చూస్తాం? మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో వచ్చింది. ఆ తర్వాత పుట్టినవాళ్లకు ఆ మచ్చలు తెలియవు. నాకు తెలుసు. మా అవ్వకు ఎనిమిదేళ్లప్పుడు అమ్మవారు పోసిందట. నేను ఆమె పక్కలో పడుకుని ఆ గుంటల మీద వేలు పెట్టి లెక్కపెట్టుకునేదాన్ని. ఎడమ చెంప మీద ఎక్కువ, నుదుటి మీద తక్కువ, ముక్కు కొన మీద ఒకటి. కిరసనాయిలు దీపం పక్కనుంచి పడితే గుంట గుంటకూ ఒక చిన్న నీడ, నీడకు ఎదురుగా ఒక చిన్న వెలుగు. ఆ నీడలు నాకు ఇప్పటికీ గుర్తే. పాత ఫొటో ఒకటి దగ్గర పెట్టుకుని, బ్రష్షులోని తడంతా గుడ్డకు తుడిచేసి, పొడి రంగుతో ఆ మచ్చలు వేశాను. విజయనగర చక్రవర్తి చెంపలు మా అవ్వ చెంపలు. ఆ రెండు రోజులూ నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ బొమ్మను ఒక ప్రదర్శనలో పెట్టాను. వచ్చినవాళ్లు "ఎవరీ పహిల్వాను?" అని అడిగారు. చెబితే నమ్మలేదు. నిర్ణేతల్లో ఒకాయన నన్ను పక్కకు పిలిచి మర్యాదగానే చెప్పారు. "పనితనం ఉందమ్మా. కానీ రాయలవారికి మచ్చలు పెడితే జనం ఒప్పుకోరు. పోనీ ఒక మూలన పీట మీద కిరీటం పెట్టండి, ఎవరో తెలుస్తుంది." ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. ఇంటికొచ్చాక దాని గురించి ఎంతో ఆలోచించాను.

అంతకంటే గట్టి మాట అన్నది మా తెలుగు సారు. ఆయనంటే నాకు గౌరవం, అందుకే ఆ వాదన ఇక్కడ పూర్తిగా పెడుతున్నాను. "మేడమ్, జాతికి ఒక రూపం కావాలి. రాముడి ఫొటో ఎవడు తీశాడు? అయినా అందరి మనసులో ఒక రాముడు ఉన్నాడు. రాయలు అంతే. వందేళ్లుగా మనం ఆయనకో రూపం ఇచ్చుకున్నాం. ఎవడో పోర్చుగీసువాడు రాశాడని ఆ రూపాన్ని చెరిపితే, మనకు మిగిలేదేమిటి?"

ఇది కొట్టిపారేసే మాట కాదు. నేను రెండు వారాలు దీన్ని మోశాను. చివరికి నాకు దొరికిన జవాబు తిరుమలలో ఉంది. మహాద్వారం దాటగానే కుడివైపు మండపంలో రాయలు తన ఇద్దరు రాణులు, తిరుమలదేవి, చిన్నాదేవిలతో నిలబడి ఉంటాడు. రాగి విగ్రహాలు. చేతులు జోడించి ఉంటాడు, తలమీద పొడుగు కుళ్లాయి. లైన్లో తోసుకుంటూ పోయే మనలో ఎంతమంది అటు చూస్తాం? రాయలు ఎలా ఉండాలో ఎవరో పోర్చుగీసువాడు చెప్పక్కర్లేదు, దేవుడి ముందు తన రూపం ఎలా ఉండాలో ఆయన కొలువే నిర్ణయించి పెట్టింది. అందులో సింహాసనం లేదు. సారుతో ఇదే చెప్పాను. మనం చెరుపుతున్నది ఆయన రూపాన్ని కాదు సార్, ఆయన రూపం మీద మనం పూసిన వందేళ్ల రంగును. రాముడు వేరు. రాముడు భక్తుడి మనసులో ఉన్నట్టే ఉంటాడు. రాయలు ఒక సంవత్సరంలో పుట్టి, ఒక సంవత్సరంలో పోయి, నూనె తాగి, జబ్బు పడి లేచిన మనిషి.

మచ్చల గురించి ఇంకో మాట. పేస్ ఆ మచ్చలను తక్కువ చెయ్యడానికి రాయలేదు. ఆ వెంటనే, అందరూ ఇంతగా భయపడే, ఇంత పరిపూర్ణుడైన రాజు ఇంకొకడు ఉండడు అన్నంత మాట రాశాడు. రెండూ ఒకే పేరాలో ఉన్నాయి. మచ్చలు తీసేసి పొగడ్త మాత్రమే ఉంచుకునే హక్కు మనకెక్కడిది? మశూచి వచ్చి బతికి బయటపడ్డ మనిషి ఆ రాజు. మా అవ్వ కూడా. అవ్వ ముఖాన్ని నేనెప్పుడూ తక్కువగా చూడలేదు. కిరీటం పెట్టలేదు, మచ్చలు తియ్యలేదు.

నన్ను నిజంగా కదిపింది మా అమ్మాయి మాట. ఇంజనీరింగ్ చదువుతోంది, సెలవులకు వచ్చి బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. "బాగుందమ్మా. కానీ నువ్వు తెలియనివన్నీ చీకట్లో పెట్టేశావు కదా" అంది.

నిజమే. వెనక గోడ ఎలా ఉంటుందో తేల్చుకోలేక నల్లగా పూశాను. మల్లుడి జుట్టు ముడి ఎలా ఉంటుందో తేలక అతన్ని నీడలోకి నెట్టాను. చీకటి బొమ్మకు అందం తెచ్చింది, దానితోపాటు నాకు తప్పించుకునే దారీ ఇచ్చింది. తెలియనిదాన్ని అబద్ధంతో నింపడం కంటే చీకట్లో వదలడం మంచిదే, ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను. కానీ వేసిన ప్రతి బొమ్మా తెల్లవారుజామునే జరగాలంటే, మిగతా పగలంతా ఎవరు వెయ్యాలి?

అందుకే మూడో పెద్ద బొమ్మ మిట్టమధ్యాహ్నం. 1520 వేసవి, బీజాపూరు సుల్తాను చేతిలో ఉన్న రాయచూరు కోటను రాయలు ముట్టడించిన సందర్భం. అయిదడుగుల కాన్వాసు. రెండేళ్లుగా దాని మీదే ఉన్నాను.

నూనిజ్ రాసిందాంట్లో నన్ను పట్టుకున్నది యుద్ధం కాదు, గోడ. రాయచూరు కోట గోడలు పెద్ద పెద్ద రాళ్లతో, సున్నం లేకుండా పేర్చినవని, లోపల మట్టి దట్టించారని రాశాడు. సున్నం లేదు కాబట్టి గడ్డపార దూరిస్తే రాయి కదులుతుంది. కానీ గోడ కిందికి పోయినవాడి మీద పైనుంచి బాణాలు, రాళ్లు, తుపాకీ గుళ్లు. జనం చస్తున్నారు, వెనక్కి తగ్గుతున్నారు. అప్పుడు రాయల సేనానులు రాళ్లు కొనడం మొదలుపెట్టారు. గోడలోంచి ఊడదీసి తెచ్చిన రాయికి రొక్కం. పణమంటే అప్పటి చిన్న బంగారు నాణెం. పది పణాలు, ఇరవై, ముప్పై, యాభై దాకా. అదే సమయానికి గుర్రాలు అమ్ముకోవడానికి వచ్చిన క్రిస్తోవావ్ ద ఫిగెయిరేదో, తన వెంట ఉన్న ఇరవై మంది పోర్చుగీసులతో, కోటమీద తల ఎత్తిన వాడినల్లా తుపాకీతో కొట్టించాడు. పైవాళ్లు తల దాచుకున్నారు, కిందివాళ్లు గోడ ఊడదీశారు. కోట అధిపతి ఏం జరుగుతోందో చూడబోయి గోడ మీంచి వంగితే నుదుట గుండు తగిలి పోయాడు. మర్నాడు కోట లొంగిపోయింది.

దీన్ని వెయ్యాలంటే రాయచూరు చూడాలి. గుంతకల్లులో రైలు మారి వెళ్లాను. ఎండాకాలమే ఎంచుకున్నాను, మే నెల పన్నెండు గంటల ఎండలో ఆ రాళ్ల రంగు ఏమిటో తెలియాలి కాబట్టి. ఉదయం గులాబీ చాయలో కనిపించిన రాయి మధ్యాహ్నానికి తెల్లబడిపోతుంది. నీడలు రాయికిందికి ముడుచుకుపోయి ఊదారంగు గీతల్లా మిగులుతాయి. ఆ గీతలుంటేనే రాయికీ రాయికీ మధ్య సందు తెలుస్తుంది.

కోట పడమటి గోడలో ఒక రాయి ఉంది. దాదాపు 41 అడుగుల పొడవు, ఒకే బండ. దాని మీద తెలుగు శాసనం. కాకతీయుల సేనాని గోన గన్నారెడ్డి ఆజ్ఞతో విఠలుడు 1294లో ఈ కోట కట్టించాడని. కర్ణాటకలో, ఎండలో నిలబడి, తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. అయితే నేను మూడు గంటలు అక్కడే కూర్చుండిపోయింది అక్షరాల కోసం కాదు. ఆ బండను అక్కడికి ఎలా తెచ్చారో చెక్కిన బొమ్మ కోసం. బండి మీద బండ, ముందు బారులు తీరిన దున్నపోతులు, అదిలిస్తున్న తోలేవాళ్లు, చక్రాల దగ్గర సన్నెలు, అంటే మీటే గడలు, వేసి నెడుతున్న మనుషులు. ఏడువందల ఏళ్ల కిందట ఒక శిల్పికి రాజు కంటే ఆ బండి, ఆ పోతులు, ఆ నెట్టేవాళ్లు ముఖ్యమనిపించారు. నా బొమ్మకు కావలసిన ఒంటి భంగిమలన్నీ ఆ రాతిమీద ఉన్నాయి. సన్నె మీద బరువేసినప్పుడు నడుము ఎక్కడ వంగుతుంది, వెనక కాలి మడమ ఎలా లేస్తుంది, తలలు ఎటు తిరుగుతాయి. అప్పుడు రాళ్లు తెచ్చిన ఒళ్లు ఎలా వంగాయో, 226 ఏళ్ల తర్వాత రాళ్లు ఊడదీసిన ఒళ్లూ అలాగే వంగుంటాయి. గడ్డపార పట్టిన నడుము మారదు.

కోట బయట ఎటు చూసినా సర్కారు తుమ్మ. మా అనంతపురం వైపూ అంతే. గీసుకున్న ప్రతి స్కెచ్చులోనూ అది వచ్చి కూర్చుంది, ఎందుకంటే కళ్లముందు ఉన్నది అదే. కానీ అదీ అమెరికా మొక్కే, బంతికంటే చాలా ఆలస్యంగా వచ్చింది. ఇప్పుడు ఆ మాట నా బ్రష్షుకు తెలుసు. తుమ్మలన్నీ తీసేసి ఒక చింతచెట్టు, రెండు వేపలు, రాళ్ల సందుల్లో తంగేడు పెట్టాను. ఆ చింతనీడలో తోలుతిత్తులతో నీళ్లు పోసే మనుషులు. రాయల సైన్యం కదిలినప్పుడు దప్పికతో ఎవరూ చావకూడదని దారి పొడుగునా నిలబెట్టిన నీళ్లవాళ్లు 12 వేలమంది అని నూనిజ్ రాశాడు. నేను ముగ్గురిని వేశాను.

రాయలను ఎక్కడ పెట్టాలో చాలాకాలం తేల్చుకోలేకపోయాను. గుర్రం మీద ఎడమవైపు గీసి చెరిపాను. డేరా ముందు గీసి చెరిపాను. ఆయన ఎక్కడ నిలబడినా చూసే కన్ను ఆయన దగ్గరికే పోతోంది, గోడ దగ్గర చస్తున్న మనిషి వెనక్కి పోతున్నాడు. తొమ్మిదేళ్ల కిందట ఇలా అనుకుని ఉంటే నన్ను నేనే తిట్టుకునేదాన్ని. ఇప్పుడు ఆయన్ను బొమ్మలో పెట్టలేదు. చాలా దూరంలో ఒక డేరా కొస మాత్రం కనిపిస్తుంది, వేలిగోరంత. తెలుగు సారు మొన్న ఇంటికి వచ్చి చూశారు. చాలాసేపు ఏమీ అనలేదు. "ఆ డేరాలో ఉన్నాడా?" అని అడిగారు. ఉన్నాడు సార్ అన్నాను. తల ఊపారు.

ఇప్పుడు బొమ్మ ముందుభాగంలో ఒక మనిషి ఉన్నాడు. ఎడమ భుజం మీద రాయి ఇంకా దింపలేదు. భుజానికీ రాయికీ మధ్య మడతపెట్టిన కంబళి. కనుబొమల్లో గోడ దుమ్ము. కుడిచెయ్యి చాపి ఉంది, దానిలో ఒక లెక్కరాసేవాడు పణం పెడుతున్నాడు. హంపీ దగ్గరి కమలాపురం మ్యూజియంలో ఆ కాలపు పణాలు చూశాను. బంగారమే, కానీ గ్రాములో మూడోవంతు బరువుంటుంది. కందిపప్పు బద్దకంటే కొంచెం పెద్దది. ఊదితే ఎగిరిపోతుందేమో అన్నట్టుంటుంది. ఆ మనిషి నా కాన్వాసు మీద ఎనిమిది అంగుళాలు. ఆ లెక్కన అతని అరచేతిలో పణం ఒక మిల్లీమీటరు కూడా రాదు.

మొన్న ఆదివారం దాన్ని వేశాను. బ్రష్షుతో కుదరలేదు. సూది మొనను యెల్లో ఆకర్‌లో ముంచి, ఊపిరి బిగబట్టి, అరచేతి మధ్యలో ఒక చుక్క పెట్టాను. రాళ్లకు వెల పది నుంచి యాభై దాకా కదా, ఇతని రాయి చిన్నది. పక్కన ఇంకో తొమ్మిది చుక్కలు పెట్టాలి. ఆరిందాకా ఆగి, వచ్చే ఆదివారం పెడతాను.